మూటగట్టిన పెరుగు

భీమడోలు పేరు దూరప్రాంతాలవారికి రెండు విధాలుగా తెలుసును. ద్వారకా తిరుమలకు, అంటే చిన్న తిరుపతికి, పోయే యాత్రికులు రైలు దిగే ఊరుగా ఒకటి. ఏలూరుకూ తాడేపల్లిగూడేనికీ నడుమ పెద్ద రోడ్డు మీద బస్సు ఒక్క నిమిషం నిలిచే ఊరుగా మరొకటి. ఆ నిమిషంలో దిగి నాలుగడుగులు వేయనివారికి తెలియని విశేషం ఒకటున్నది. ఈ ఊరు రెండు నేలల సరిహద్దు మీద కూర్చున్నది. ఉత్తరంగా పోతే మెట్ట: ఎర్రనేల, నిమ్మతోటలు, ఈ మధ్య పామాయిలు తోటలు. దక్షిణంగా పోతే వరిచేలు, చేపల చెరువులు, ఆపైన కొల్లేరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి ఈ ఊరు ఏలూరు జిల్లాలో చేరినది గాని, మెట్టకూ పల్లానికీ ఉన్న పొత్తు ఏ గెజిటు వల్లా మారలేదు. మెట్ట కూరగాయా, పల్లపు పాడీ మా ఊరి వంటిళ్ళలో కలుసుకుంటూనే ఉన్నవి.

ఆ కలయికలో పుట్టినదే దోసకాయ పెరుగుపచ్చడి. దానిని గూర్చి తెలుగు పాఠకులకు చెప్పబోవడం సాహసమే అవుతుంది. నేను చెప్పదలచినది దాని దూరపు చుట్టాన్ని గురించి. గ్రీకులు దానిని జజీకి అంటారు. నీరు ఓడ్చిన గట్టి పెరుగులో తురిమి పిండిన కీరదోసకాయ, దంచిన వెల్లుల్లి, ఉప్పు, ఆలివు నూనె, కాస్త పులుపు కలిపి చేసే పచ్చడి. ఆ పేరు వారికి తురుష్కుల జాజిక్ నుంచి వచ్చినది. తురుష్కులు పలుచగా, ఇంచుమించు మన మజ్జిగవలె చేసుకుంటారు. బల్గేరియావారి తారాతోర్ అయితే గిన్నెలో పోసుకొని తాగే చారు. పారశీకుల మాస్త్-ఓ-ఖియార్‌లో ఎండు పుదీనా పడుతుంది, ఒక్కొక్కచోట ఎండు ద్రాక్ష కూడా. అరబ్బుల ఖియార్ బి లబన్ ఈ కుటుంబంలోనిదే. కీరదోస పుట్టినిల్లు హిమాలయాల దిగువ మన దేశమేనని వృక్షశాస్త్రజ్ఞులు చెబుతారు. అంటే పిల్ల మనది; అత్తవారిళ్ళే వేరు.

ఈ చుట్టం మా ఇంటికి గ్రీసు నుంచి రాలేదు, కువైటు నుంచి వచ్చినది. మోసుకొని వచ్చినది మా చెల్లెలు.

గోదావరి జిల్లాల ఆడవాళ్ళు గల్ఫు దేశాలకు ఇంటిపనికి పోవడం కొన్ని దశాబ్దాలుగా జరుగుతున్నదే. ప్రతి ఊరిలోను ఒక కువైటు మేడ, ఒక మస్కటు మేడ ఉంటవి. ఆ మేడలలో ముసలివాళ్ళూ పిల్లలూ ఉంటారు. మాది మేడ కాదు. చేపల చెరువు ఒకటి కౌలుకు పట్టి మా బావ నష్టపడిన ఏడాది, ఆ అప్పు తీర్చడానికి చెల్లెలు వెళ్ళినది. పాపకు అప్పుడు మూడేండ్లు. రెండేండ్లలో వస్తానని వెళ్ళిన మనిషి తొమ్మిదేండ్లున్నది. నడుమ రెండుసార్లు సెలవు మీద వచ్చి, పెట్టెలు విప్పి పంచిపెట్టి, మళ్ళీ పెట్టె కట్టుకొన్నది. పాపను మా అమ్మ పెంచినది. ఆ పిల్ల అమ్మమ్మను "అమ్మా" అని పిలుస్తుంది. కన్నతల్లి ఇంటి సంభాషణలో "కువైటమ్మ". ఎవరూ నేర్పిన మాట కాదది. ఎవరూ దిద్దలేదు కూడా.

ఈ వేసవిలో వచ్చిన రెండవ ఆదివారం చెల్లెలు పొద్దున్నే నా పాత మల్లు పంచె ఒకటి అడిగి తీసుకొని, నాలుగు మడతలు పెట్టి ఉడకబెట్టి ఆరవేసినది. తరువాత తోడుకొన్న పెరుగు ఒక లీటరు దానిలో పోసి, మూటగట్టి, వసారాలో పూర్వం ఉట్టి కట్టిన కొక్కేనికి వేలాడదీసినది. కింద గిన్నె పెట్టినది. మా అమ్మ పెరటిలోనుంచి వచ్చి చూచి నిలబడిపోయినది.

"ఏవిటే అది? పెరుగును ఉరి తీస్తున్నావా?"

"ఉరి కాదమ్మా, నీళ్ళు ఓడుస్తున్నాను. అక్కడ వాళ్ళింట్లో రోజూ నేను చేసేపని ఇదేగా."

"నీళ్ళు ఓడిపోతే ఇంక చలవేం ఉంటుంది? చలవంతా ఆ నీళ్ళలోనేగదే!"

ఈ ప్రశ్నకు శాస్త్రం ఏమి సమాధానం చెబుతుందో కొంచెం ఆలోచింపవలసి ఉన్నది. పాలలోని మాంసకృత్తులలో పెద్దభాగం కేసీను. తోడులోని సూక్ష్మజీవులు పాలచక్కెరను పులియబెట్టి ఆమ్లంగా మార్చగా, ఆ పులుపు ఒక హద్దుకు చేరగానే కేసీను అణువులు ఒకదానినొకటి పట్టుకొని వలవలె అల్లుకొంటవి. నీరు, కొవ్వు ఆ వలలో చిక్కుకొంటవి. అదే పెరుగు. గరిటెతో కదిలించినప్పుడు పక్కన ఊరే పచ్చని తేట ఆ వలలోనుంచి జారిన నీరే. దానిలో పాలచక్కెర, కొన్ని లవణాలు ఉంటవి. మూటగట్టి వేలాడదీస్తే ఆ తేట బయటికి పోయి మాంసకృత్తు, కొవ్వు చిక్కబడుతవి. లీటరు పెరుగు ఇంచుమించు సగమవుతుంది. కాబట్టి మా అమ్మ మాటలో కొంత నిజం లేకపోలేదు. తేటతో పోయేది వట్టి నీరు మాత్రమే కాదు.

ఇక పెరుగు అన్న మాట చూడండి. నెయ్యి పేరుకొన్నది అంటాము. పేరుట అంటే గడ్డకట్టుట. పెరుగు ఆ కుదురులోని మాటగానే తోస్తుంది. తురుష్కుల యోగుర్తు కూడా చిక్కబడుట, పిసుకుట అనే అర్థాలు గల ధాతువు నుంచి వచ్చినదే. ఎక్కడి తురుష్కులు, ఎక్కడి తెలుగులు! కుండలో జరుగుతున్నదానిని చూచి ఇద్దరూ ఒకే తీరున పేరు పెట్టుకొన్నారు.

పెరుగును గుడ్డలో ఓడ్చడం భారతదేశానికి కొత్త కాదు. మహారాష్ట్రులు, గుజరాతీలు ఓడ్చిన పెరుగులో చక్కెర, ఏలకులు కలిపి శ్రీఖండం చేస్తారు. సంస్కృత గ్రంథాలు దీనినే శిఖరిణి అనీ, రసాల అనీ అంటవి. రసాలను మొదట వండినవాడు భీమసేనుడని పాకశాస్త్ర సంప్రదాయం. మా ఊరి పేరులోని భీముడు ఆ భీముడేనా అని అడిగితే నేను చెప్పలేను గాని, ఆ ఆదివారం మా అమ్మతో ఈ ముక్క చెప్పి చెల్లెలి పక్షాన వకాల్తా పుచ్చుకొన్న మాట వాస్తవం. అమ్మ లొంగలేదు. "భీముడికేం, ఎంతైనా అరిగించుకుంటాడు," అన్నది.

అయితే మన తీరాంధ్రంలో ఈ పద్ధతి ఎందుకు నిలవలేదు? నాకు తోచిన కారణం గేదె. గేదెపాలలో కొవ్వు నూటికి ఏడుపాళ్ళ వరకు ఉంటుంది; ఆవుపాలలో నాలుగు. పాలు బాగా మరగకాచి, గోరువెచ్చగా ఉండగా మట్టి ముంతలో తోడుపెడితే, ముంత తన వంతు నీరు తాగుతుంది. తెల్లవారేసరికి పెరుగు గరిటెకు ముక్కగా వస్తుంది. అటువంటి పెరుగును మళ్ళీ మూటగట్టవలసిన అవసరం మనవారికి కనిపించలేదు. గ్రీసులో పూర్వం నుంచి వాడుకలో ఉన్నది గొర్రెపాల పెరుగు. గొర్రెపాలలోని కొవ్వు కూడా గేదెపాలకు దగ్గరదగ్గరగా ఉంటుంది. పట్టణాలలో చిన్న డబ్బాలలో గ్రీకు పెరుగు అని పేరుపెట్టి అమ్మే వస్తువును హెచ్చు ధరకు కొనేవారు ఈ సంగతి గమనించవలెను: గేదెపెరుగూ, చారెడు గుడ్డా ఉన్న ఇంటివారికి ఆ డబ్బాతో పని లేదు.

చిక్కు ఏమంటే, ఇప్పుడు ఇంట గేదె లేదు. మా వాకిట ఒకప్పుడు మూడు ఉండేవి. కొల్లేటి అంచున మేత ఉన్న రోజులవి. 1970ల తరువాత చేపల చెరువుల గట్లు పెరుగుతూ వచ్చినవి. 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రాంసార్ జాబితాకు ఎక్కినది. 2006లో అక్రమపు చెరువుల గట్లు తవ్వివేశారు. పక్షులకూ చేపలకూ జరిగిన న్యాయాన్యాయాలను గూర్చి చాలామంది వ్రాశారు. గేదెలను గూర్చి వ్రాసినవారు తక్కువ. పైగా కోతయంత్రాలు వచ్చిన తరువాత, మనుషులు కోసి కుప్పవేసిన నాటి నిడుపాటి ఎండుగడ్డి కరవైనది. అప్పు తీర్చేందుకు మొదట అమ్మినవి గేదెలనే. ఇప్పుడు పాలు పక్కింటినుంచి వస్తవి. వారికి ఒక్క గేదె ఉన్నది. వారు పొరుగూరు వెళ్ళిన రోజున ప్యాకెట్టు పాలే గతి. ప్యాకెట్టు పాల పెరుగును మూటగట్టక తప్పదని మా చెల్లెలు అంటుంది. ఆ ఒక్క మాటకు మా అమ్మ ఒప్పుకొన్నది.

పద్ధతి చెబుతాను. లీటరు పెరుగు పులియకముందే మూటగట్టవలెను. మన వేసవిలో బయట నాలుగు గంటలు వేలాడితే పుల్లబడుతుంది. రెండు గంటలు కొక్కేనికి కట్టి, తరువాత మూటను చిల్లుల గిన్నెలో పెట్టి ఫ్రిజ్‌లో మరి నాలుగు గంటలుంచడం మేలు. గుడ్డ పలుచగా, గట్టి నేతగా ఉండవలెను. గంజి వాసన ఉండరాదు. మూటను పిండరాదు; పిండితే కేసీను వల తెగి, పెరుగు గుడ్డ కన్నాలలోనుంచి జారుతుంది. బరువే దాని పని చేసుకొంటుంది.

ఈలోగా కీరదోసకాయలు రెండు, సుమారు మున్నూరు గ్రాములు, కొస కోసి చేదు చూచి, గింజలు ముదిరి ఉంటే తీసివేసి తురుముకోవలెను. చేదు చూడడం మరువరాదు. దోసజాతిలో ఒక చేదు పదార్థం ఉన్నది. నీరు చాలని పాదున, మంచి ఎండలలో అది హెచ్చుతుంది. ఒక్క చేదుకాయ పచ్చడినంతా పాడుచేస్తుంది. తురుములో అర చెంచా ఉప్పు కలిపి పావుగంట ఉంచితే నీరు ఊరుతుంది. దోసకాయలో నూటికి తొంబదియైదు పాళ్ళు నీరే; ఉప్పు దానిని వెలికి లాగుతుంది. తరువాత పిడికిట పట్టి గట్టిగా పిండవలెను. ఈ పని సగంలో ఆపినవారి పచ్చడి గంటలో నీళ్ళోడుతుంది. ఈ వంట మొత్తంలో నిజమైన శ్రమ ఇదొక్కటే.

వెల్లుల్లి రెండు రెబ్బలు ఉప్పుతో మెత్తగా నూరాలి. ఇక్కడ మరియొక వివాదం చెలరేగినది. మా అమ్మ వెల్లుల్లికి విరోధి కాదు. వెల్లుల్లి కారం లేనిది ఆమెకు ముద్ద దిగదు. కాని పచ్చి వెల్లుల్లి పెరుగులోనా! "పెరుగుకు ఆ వాసనేంటి?" అని ఆమె పట్టు. పచ్చిరెబ్బను నూరినప్పుడే ఆ ఘాటు పుడుతుంది. రెబ్బ నలగనంతవరకు ఉండదు. పులుపు తగిలితే ఘాటు కొంత తగ్గుతుంది కనుక, నూరిన వెల్లుల్లిని ముందు నిమ్మరసంలో పది నిమిషాలు నాననిచ్చి కలపడం మా చెల్లెలు కనిపెట్టిన రాజీ మార్గం. నిమ్మకాయకు మా మెట్టలో కొదవ లేదు.

ఆలివు నూనె మా ఊళ్ళో కొనేవారు తక్కువ. దాని బదులు గానుగ నువ్వులనూనె, మనం పప్పునూనె అనేది, రెండు చెంచాలు పచ్చిగానే పోస్తే ఏ లోటూ రాదని నా అనుభవం. గ్రీసులో సువాసనకు శతపుష్పపు ఆకు వేస్తారు. హైదరాబాదు వైపు దానిని సోయికూర అంటారు. మాకు దొరికినది పుదీనా. సైప్రస్ ద్వీపవాసులు కూడా పుదీనాయే వేస్తారట కనుక మేము తప్పు చేసినట్లు కాదు. అన్నీ కలిపి గంటసేపు చల్లగా ఉంచి, రొట్టెతోనో కాల్చిన మాంసంతోనో తింటారు వారు. మేము పెసరట్టుతో తిన్నాము. మరునాడు కాల్చిన కొరమీనుతో కూడా.

తాలింపు మాట రానే వచ్చినది. ఆవాలు, మినపప్పు, ఎండుమిరప, ఇంగువ, కరివేపాకు నూనెలో చిటపటలాడి మీద పడనిదే అది పెరుగుపచ్చడి ఎట్లా అవుతుందని అమ్మ. పడితే ఇది అది కాదని చెల్లెలు. చివరకు పచ్చడి రెండు గిన్నెలైనది. ఒక దానిలో తాలింపు పడినది, రెండవ దానిలో పచ్చినూనె. నిజం చెప్పవలసి వస్తే నాకు తాలింపుదే రుచించినది. చెల్లెలికి ఆ మాట చెప్పలేదు. రాత్రిపూట పెరుగు కూడదని చరకుడు నిషేధించినాడని చెప్పి, మిగిలినదంతా పగలే పూర్తిచేయించాను. ఆ నిషేధం నా కడుపుకు అనుకూలంగా వచ్చినది.

గ్రీకులకూ మా ప్రాంతానికీ పచ్చడి కంటె పాత బంధుత్వం ఒకటున్నది. క్రీస్తుశకం ఒకటవ శతాబ్దిలో గ్రీకుభాషలో ఎవరో నావికుడు వ్రాసిన పెరిప్లస్ అనే గ్రంథం, మసలియా అనే తీరదేశంలో సన్నని నూలుబట్టలు విస్తారంగా నేస్తారని చెబుతుంది. మసలియా అంటే మన మచిలీపట్నపు సీమ. మరు శతాబ్దిలో టాలెమీ అదే సీమను మైసోలియా అన్నాడు. ఆయన పేర్కొన్న సలకెనోయి అనే జనులు శాలంకాయనులేనని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. ఆ శాలంకాయనుల వేంగి, నేటి పెదవేగి, మాకు కూతవేటు కాకపోయినా బస్సు దూరం. అంటే జజీకి పెరుగును ఓడ్చగల సన్నని గుడ్డ ఈ సీమ నుంచి ఆ నాటికే పడవలెక్కి పడమటికి పోయేది. ఆ గుడ్డలో వారు పెరుగు కట్టారని నేను అనడం లేదు. చాలా ఖరీదైన గుడ్డ అది. గాలెను అనే గ్రీకు వైద్యుడు ఆ కాలంలోనే ఆక్సిగాల అనే పుల్లపాలను గూర్చి వ్రాసినాడు కనుక, పెరుగు వంటిది వారికీ ఉండేదని మాత్రం అనవచ్చును.

మళ్ళీ వంటింటికి వస్తాను. తురుము పిండడం పాపకు అప్పగించినది చెల్లెలు. పదిరోజులుగా ఆ పిల్ల తల్లి ఇచ్చిన గౌను వేసుకొన్నది, తల్లి తెచ్చిన చాక్లెట్లు తిన్నది, తల్లి పక్కన పడుకోవడానికి మాత్రం వెళ్ళలేదు. పని అనేసరికి వచ్చి కూర్చున్నది. పిడికిలి చిన్నది, నీరు సగమే వస్తున్నది. చెల్లెలు "అలా కాదు, ఇలా" అని తన చేయి ఆ చేతిమీద వేసి నొక్కినది. తొమ్మిదేండ్లు ఇంకొకరి ఇంట బట్టలూ గిన్నెలూ తోమిన చేయి అది, బలం ఎక్కువ. పిల్ల "నొప్పి" అన్నది. చెల్లెలు చేయి తీసివేసినది. కొంతసేపటికి పిల్ల తానే, "ఇంకోసారి నొక్కు, ఇంకా నీళ్ళున్నాయి," అన్నది.

ఇద్దరూ కలిసి పిండినారు. మూట విప్పినప్పుడు లోపల పెరుగు, గుడ్డ నేత అచ్చు పడి, ముద్దగా ఉన్నది. పాప దానిని వేలితో తీసి నాకి, "వెన్నలా ఉంది," అన్నది. మా అమ్మ కూడా ఒక వేలు నాకినది గాని ఏమీ అనలేదు. అనకపోవడం ఆమె విషయంలో మెచ్చుకోలు కిందకే వస్తుంది.

కింది గిన్నెలో అర లీటరుకు తక్కువగా తేట మిగిలినది. "అమ్మా, ఈ నీళ్ళేం చేయాలి?" అన్నది పాప. అమ్మా చెల్లెలూ ఇద్దరూ ఒక్కసారే తిరిగి చూచినారు. ఎవరిని అడిగినదో నాకు తెలియలేదు. చెల్లెలు తొట్టిలో పారబోయమని చెప్పబోయినట్లున్నది, అక్కడ వారు అట్లాగే చేసేవారట. మా అమ్మ ఒప్పుకోలేదు. చారులో పోయవచ్చును, చపాతీ పిండి తడపవచ్చును, ఏదీ కాకపోతే పాలిచ్చినవారి గేదె కుడితిలో కలపవచ్చును. పారబోయడానికి వీలు లేదు.

చెల్లెలు ఆషాఢం వెళ్ళేవరకు ఉంటుంది. ఆమె వీసా ఇంకా ఒక ఏడాది ఉన్నది. వెళ్ళేదీ మానేదీ ఇంకా తేల్చి చెప్పలేదు. ఆ తరువాత మూడు ఆదివారాలు కూడా వసారాలో పెరుగుమూట వేలాడినది. మూడవసారి కట్టినది మా అమ్మే. ముడి మాత్రం తన పద్ధతిలో, ఉట్టికి వేసే ముడి వేసినది. మూట విప్పిన తరువాత పాప గిన్నె రెండు చేతులతో పట్టుకొని, తేట ఒలకకుండా చిన్నచిన్న అడుగులు వేస్తూ పక్కింటి గేదె దగ్గరకు వెళ్ళినది. వెనుకనే, తలుపు తీయడానికి, చెల్లెలు.